మూతకు కన్నం ఉన్న సీసా

అరెయోరా, మౌకె దీవి
జూలై 6

చెల్లి మెరెయానాకు,

నీ మోకాలు ఎలా ఉంది? మెట్ల దగ్గర గోడ పట్టుకుంటున్నావా, గొప్పకు పోయి వట్టి చేతులతోనే ఎక్కుతున్నావా? చక్కెర జబ్బు అదుపులో ఉందా? పెరిగితే రాయకు, నాకు నిద్ర పట్టదు. రాయకపోయినా పట్టదు కాబట్టి రాయి. ఇనంగారోకు దగ్గు తగ్గిందా? మీ పక్కింటి ముసలాయన ఉన్నాడా? మీ కుక్క కాలు కట్టు విప్పారా? ఇక్కడ మీ బావ తమారువా దగ్గుతూనే ఉన్నాడు, డిస్పెన్సరీ వాళ్ళిచ్చిన నల్లసీసా మందు తాగుతున్నాడు. నాకు గుండె దడ. పంది పదకొండు పిల్లల్ని పెట్టింది, రెండు పోయాయి, మిగతా తొమ్మిదీ ఉంటాయో ఉండవో.

ఇనంగారో పెళ్ళి నవంబరు ఇరవై ఒకటినట. పాస్టరమ్మ గారు చెబితే తెలిసింది. మనవరాలి పెళ్ళి తేదీ బయటివాళ్ళ నోట వినడం నాకు కొత్తగా ఉంది. నాకు పెద్దగా చదువు లేదు, లెక్కలు రావు, నువ్వు చదువుకున్నదానివి కాబట్టి అడుగుతున్నాను. నా కూతురు పోయాక దాని పిల్లను పన్నెండేళ్ళు నేను పెంచాను. పై చదువుకని నీ దగ్గరకు పంపి ఎనిమిదేళ్ళయింది. పన్నెండు పెద్దదా, ఎనిమిది పెద్దదా?

ఆవిడే ఇంకో మాట కూడా అంది. చర్చిలో పెళ్ళికూతురి, పెళ్ళికొడుకు భుజాల మీద కప్పే తివైవై దుప్పటి మెరెయానా కుట్టినదేనట కదా, అంది. నేను నవ్వి ఊరుకున్నాను. నాకేం కుళ్ళు లేదు. నేను కూడా ఆరేళ్ళుగా ఆ పిల్ల పెళ్ళికనే తెల్లగుడ్డ మీద తొమ్మిది ఎర్ర మందారాలు కుడుతున్నానని ఆవిడకు చెప్పలేదు. ఉన్నది ఒక జంట, కప్పేది ఒక దుప్పటి. ఎవరిది కప్పితే ఏం.

ఇంకొక్క సంగతి. మా వీధిలో ఒకావిడ కుట్టుకుంటూ వేలు గుచ్చుకుంది. తెల్లగుడ్డ మీద రక్తం పడింది. కంగారులో వేడినీళ్ళు పోసింది, మరక గోధుమరంగుకు తిరిగి అక్కడే కూర్చుంది. నువ్వు ఆసుపత్రి లాండ్రీలో చేశావు కదా, దానికేమైనా ఉపాయం ఉందేమో ఆవిడ కనుక్కోమంది. ఫోనులో అడుగుదామంటే పోస్టాఫీసు వరసలో ఉన్నవాళ్ళంతా వింటారు. పాపం, ఆవిడకు సిగ్గు.

మీ అక్క
అకైతి


తితికవెకా, రారోటొంగా
జూలై 17

అక్కా,

మోకాలు ఉంది. చక్కెరా ఉంది. పక్కింటి ముసలాయన నాకంటే గట్టిగా ఉన్నాడు. ఇనంగారో దగ్గు మూడేళ్ళ కిందటి మాట. కుక్క పోయిన ఏడాదే చచ్చిపోయింది, అది నీకు రెండు ఉత్తరాల్లో రాశాను, రెండింటికీ నువ్వు ఏడుస్తూ జవాబు రాశావు.

పెళ్ళి తేదీ మొదట నీకే రాశాను. పాస్టరమ్మ గారు ఎక్కిన విమానంలో నా ఉత్తరం ఉన్న సంచీ ఎక్కలేదు, అంతే జరిగింది. తివైవై సంగతికి ఇంకా నాలుగు నెలలుంది, ఇప్పటినుంచే ఎందుకు.

మీ వీధి ఆవిడకు శుక్రవారం విమానంలో ఒక సీసా పంపుతున్నాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటారు. నూటికి మూడు పాళ్ళు మందు, మిగతాదంతా నీళ్ళు. ముప్పై ఏళ్ళు నేను ఆసుపత్రి దుప్పట్ల మీద రక్తాన్ని దీంతోనే వదిలించాను. మరక మీద రెండు చుక్కలు వేస్తే బుసబుసమని నురుగొస్తుంది. భయపడవద్దను, నురుగొచ్చిందంటే మందు బతికి ఉందని అర్థం. ఒక్క నిమిషం ఆగి చన్నీళ్ళతో జాడించాలి. వేడినీళ్ళు పోసింది కాబట్టి మూడు నాలుగుసార్లు ఓపిక పట్టాలి. రంగుగుడ్డ మీద పడనివ్వొద్దు, రంగును తినేస్తుంది. పడక తప్పకపోతే ముందు కనబడని అంచు మీద ఒక చుక్క వేసి చూసుకోవాలి.

నేనైతే ఇంట్లో అన్నింటికీ ఇదే వాడతాను. చేపలు కోసిన పలక కడిగాక దీంతో తుడుస్తాను, స్నానాలగది గోడ బూజుకు కొడతాను, పళ్ళ బ్రష్షులు నానబెడతాను. వెనిగరుతో కలపకూడదు, బట్టల బ్లీచింగు నీళ్ళతో అసలే కలపకూడదు. మింగకూడదు. పుండు మీద రోజూ పోస్తే పుండు మానదు. ఆ సీసాలోనే, నీడలో, చల్లగా ఉన్నచోట ఉంచమను. మా ఇనంగారోకు ఇవన్నీ కంఠతా వచ్చు. ప్రతి శనివారం నాతో కూర్చుని బట్టల మరకలు తీస్తుంది. దాని చేతులు అచ్చం నా చేతులేనని మా చర్చిలో అంటారు.

మీ వీధి ఆవిడ ఈ వయసులో కూడా వేలు గుచ్చుకుంటోందంటే కళ్ళు చూపించుకోమను.

మెరెయానా


అరెయోరా, మౌకె
ఆగస్టు 3

మెరెయానాకు,

బాగున్నావని అనుకుంటాను. నేను బాగా లేను.

నువ్వు పంపింది నీళ్ళు. మరక మీద వేశాను, నురుగు రాలేదు, బుస రాలేదు. నాలుగుసార్లు వేశాను. గుడ్డ తడిసింది. అంతే. ముప్పై ఏళ్ళ లాండ్రీ అంటావు, తోడబుట్టినదానికి సీసాడు నీళ్ళు పంపుతావు.

దాచడంలో నేనేం తప్పు చెయ్యలేదు, వరసగా రాస్తున్నాను, చూసుకో. సీసా రాగానే చూస్తే నల్లటి సీసా, అచ్చం మీ బావ దగ్గుమందులాంటిది. ఆయన కళ్ళజోడు పెట్టుకోడు. తాగేస్తే నేనేం కావాలి? అందుకని కొబ్బరినూనె సీసా ఒకటి మూడుసార్లు కడిగి ఎండబెట్టి, లోపల ఏముందో తెలిసేలా ఆ గాజుసీసాలో పోశాను. నువ్వు పంపిన మూతకు కన్నం ఉంది. వేలు పెట్టి చూశాను, సన్నటి కన్నం. పాత సరుకు అంటగట్టావనుకుని, ఆవిరైపోతుందేమోనన్న భయంతో మంచి బెండు బిరడా ఒకటి గట్టిగా దిగ్గొట్టాను. పూలు వేసిన నూనె సీసాలు కిటికీలో ఎండకు పెడతాం కదా, వాటి పక్కనే పెట్టాను. ఎండకు నూనె మంచి వాసనకు వస్తుంది, మందు కూడా బలం పుంజుకున్నాకే వాడదామనుకున్నాను. ఇంతకంటే జాగ్రత్తగా ఎవరు పెడతారు చెప్పు.

ఆరో రోజు మధ్యాహ్నం టప్పుమని మోగింది. కప్పు మీద కొబ్బరికాయ పడిందనుకున్నాను. బిరడా ఎగిరి గోడకున్న మా పెళ్ళి ఫొటో అద్దానికి తగిలింది. మీ బావ ముఖం దగ్గర పగిలింది. నాకింకా దడ తగ్గలేదు.

ఇక దాపరికం ఎందుకు. మా వీధిలో ఏ ఆవిడా లేదు. వేలు నాది, దుప్పటి నాది. ఈ సంగతి నీకు మొదటి ఉత్తరంలోనే తెలిసిపోయిందని నాకు తెలుసు. తెలిసే నీళ్ళు పంపావు. నా దుప్పటి మీద మరక ఉంటే నీ దుప్పటికి పోటీ ఉండదు. ఇనంగారో చేతులు అచ్చం నీ చేతులన్నావు. ఆ చేతులు ఎవరివి? నా కూతురివి. నా కూతురికి చేతులు ఎవరిచ్చారు?

అకైతి


తితికవెకా
ఆగస్టు 14

అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. కూర్చుని చదవాల్సింది.

మూతకు కన్నం కావాలనే పెడతారు. ఆ మందు ఊరికే ఉన్నా కొంచెం కొంచెంగా గాలి వదులుతుంది. ఆ గాలి పోవడానికే కన్నం. వెలుతురు తగిలితే త్వరగా చచ్చిపోతుందని నల్లసీసాలో పోస్తారు. ఎండలో, గాజులో, బిరడా బిగించి పెట్టావు. అందులో ఉన్నదంతా గాలయి బిరడాను తన్నుకుపోయింది, మిగిలింది నీళ్ళు. మందు నేను పంపాను, నీళ్ళు నువ్వు చేసుకున్నావు. బిరడా ఇంకా బిగించి ఉంటే సీసా పగిలి నీ కంట్లో గాజు పడేది. ఆ సంగతి నీకు దడగా అనిపించలేదు, నేను మోసం చేశానని మాత్రం అనిపించింది.

ఉత్త గాజుసీసాలో మంచినీళ్ళలా కనబడేదాన్ని పోసి పెట్టావు, పైన పేరైనా రాయకుండా. దగ్గుమందు అనుకుంటాడని భయపడ్డావు గాని, నీళ్ళనుకుంటాడని భయపడలేదు.

ఇంకో సీసా పంపను. పంపితే దాంట్లో కూడా ఏదో ఉందంటావు. మీ దీవిలో జుట్టుకు రంగులు వేసేవాళ్ళ దగ్గర ఇదే పేరుతో ఇంకో సరుకు ఉంటుంది. దాని బలం నాలుగింతలు. దాని జోలికి పోకు. ఇది చెల్లెలుగా చెప్పడం లేదు, లాండ్రీలో పనిచేసినదానిగా చెబుతున్నాను.

ఇనంగారో నిన్ను అడిగింది.

మెరెయానా


అరెయోరా, మౌకె
సెప్టెంబరు 8

మెరెయానాకు,

ఈ అక్షరాలు మీ బావవి, మాటలు నావి. నా చేతికి చిన్న దెబ్బ తగిలింది, ఏమీ లేదు, రాయడానికి బద్ధకించి ఆయనకు చెబుతున్నాను. మీ అందరి ఆరోగ్యం బాగుందని తలుస్తాను. పందిపిల్లలు ఎనిమిదే ఉన్నాయి. దుప్పటి బాగానే ఉంది. మరక పోయింది. ఆ దుప్పటి గురించి ఇక నన్నెవరూ అడగక్కర్లేదు. నీదే కప్పించు. నీదే బాగుంటుంది, నువ్వు పట్నంలో ఉన్నదానివి, నీ దగ్గర వెలుతురు మంచిది. మేం పెళ్ళికి రాగలమో లేమో. మీ బావకు దగ్గు.

అకైతి

మెరెయానా, ఆవిడ పందికి కూడు పెట్టడానికి వెళ్ళింది. ఇక్కణ్ణుంచి అక్షరాలూ మాటలూ రెండూ నావే. నాకు దగ్గు లేదు, జూలైలోనే పోయింది.

నీ రెండో ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందే మీ అక్క తెయినా ఇంటికి వెళ్ళింది. తెయినా అంటే మా ఊళ్ళో ఆడపిల్లల జుట్టుకు రంగు వేసే అమ్మాయి. "పెద్దమ్మా, ఇది జుట్టుకే గాని గుడ్డకు కాదు" అని ఆ పిల్ల చెప్పిందట. "తల నలుపే తీసేదానికి ఒక చుక్క ఎరుపు ఒక లెక్కా" అని ఈవిడ జవాబిచ్చిందట. గిన్నెడు తెచ్చుకుంది. గుడ్డముక్క ముంచి మరక మీద పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకుని, వాకిట్లో ఎండలో గంటసేపు కూర్చుంది. వేళ్ళు మండుతున్నా వదల్లేదు. నేను చూసేసరికి బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ సున్నం పూసినట్టు తెల్లబడి ఉన్నాయి. చేతిని కుళాయి కింద పెట్టించి డిస్పెన్సరీకి తీసుకెళ్ళాను. తెల్లదనం మర్నాటికి పోయింది గాని బొటనవేలికి బొబ్బలు లేచాయి. సూది పట్టుకోవడం ఇంకో మూడు వారాలు కుదరదని నర్సు చెప్పింది.

మరక పోయిందన్నది నిజమే. పక్కనున్న మందారం కూడా పోయింది. సగం ఎర్రగా ఉంది, సగం ఉడికించిన రొయ్య రంగులో ఉంది. పోయిన రంగు తిరిగి వచ్చే మందు ఏదైనా ఉందా అని తెయినాను అడిగాను. లేదంది.

ఆవిడ దుప్పటిని మడిచి పెట్టె అడుగున పెట్టింది. ఏడవడం లేదు. ఏడిస్తే నాకు అలవాటే, ఎలా ఊరుకోబెట్టాలో తెలుసు. రెండుపూటలా ఒకటే మాట అంటోంది. "చెల్లి మీద కుళ్ళుతోనే చేశాను, అందుకే ఇలా అయింది." నీకు నేను ఈ మాట రాశానని ఎప్పుడూ చెప్పకు.

తమారువా


తితికవెకా
సెప్టెంబరు 18

అక్కా,

ముందు బొటనవేలు సంగతి. బొబ్బల్ని చిదపకు. కొబ్బరినూనె రాయకు. నర్సు కట్టిన కట్టు నర్సే విప్పాలి. గిన్నెలో మిగిలింది ఉంటే బోలెడు నీళ్ళు కలిపి, కాలవలో పారబోయించు. ఏ డబ్బాలోనూ పోసి మూత పెట్టొద్దు. బావను తిట్టకు, ఆయన రాయకపోతే నేనే ఎవరినో అడిగి తెలుసుకునేదాన్ని.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఒకటి ఉంది. జూన్‌లో చెప్పాల్సింది. జూలై ఉత్తరంలో రాయబోయి కలం ఎత్తేశాను.

తేదీ ఖాయమైన రోజు ఇనంగారోను అడిగాను. వంటింట్లో నా దుప్పటి బల్ల మీద పరచి ఉంది. మామూలుగా అడిగినట్టే అడిగాను. అది ఆలోచించను కూడా లేదు. "అమ్మమ్మా, మౌకె అమ్మమ్మది కప్పుకుంటాను. నీది మా మంచం మీదకు, రోజూ." రోజూ అన్నమాట నాకు తియ్యగా ఉంటుందనుకుంది పిచ్చిపిల్ల. ఎనిమిదేళ్ళు దాని బట్టలు ఇస్త్రీ చేశాను, అన్నం పెట్టాను, జ్వరం వస్తే పక్కన కూర్చున్నాను. నలుగురిలో కప్పుకోవడానికి నీది, పడుకోవడానికి నాది.

పాస్టరమ్మ గారు ఆ వారమే వచ్చింది. బల్ల మీద నా దుప్పటి చూసి, పెళ్ళికేనా అంది. అవునని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ మాట మీ దీవికి చేరుతుందని నాకు తెలుసు. చేరాలనే ఊరుకున్నాను. నిన్ను నాలుగు రోజులు ఉడకనిచ్చి చెబుదామనుకున్నాను. నాలుగు రోజులు మూడు నెలలయ్యాయి. నేను జూన్‌లో నిజం రాసి ఉంటే నీకింత తొందర ఉండేది కాదు, తెయినా ఇంటికి వెళ్ళేదానివి కాదు. సీసా మాత్రం మంచిదే పంపాను. అంతకు మించి నా మంచితనం గురించి రాయడానికి ఏమీ లేదు.

కుళ్ళు నీ ఒక్కదానికే ఉందనుకుంటున్నావు. ఈ ఊళ్ళో నా దుప్పటి చూసినవాళ్ళంతా కుట్టు బాగుందని ఒక్క మాట అని, కత్తిరించింది ఎవరని అడుగుతారు. మా అక్క అని ఆరేళ్ళుగా చెబుతున్నాను. నాకు గీసుకుని కూడా కత్తిరించడం రాదు, నువ్వు గీతైనా లేకుండా కత్తెర పెట్టి తిప్పేస్తావు. నీ తొమ్మిది, నా తొమ్మిది, పద్దెనిమిది మందారాలూ నువ్వే కత్తిరించావు. నువ్వు కళ్ళ పరీక్షకని ఇక్కడికి వచ్చినప్పుడు, ఈ వంటింట్లోనే. ఎర్రగుడ్డ ఇద్దరికీ ఒకే తానులోంచి కొన్నాం.

అందుకని నిన్న నా దుప్పటి తీసి ఒక మందారం విప్పాను. ఎనిమిది మిగిలాయి. విప్పేటప్పుడు పక్కన ఇనంగారో కూర్చుంది. అన్నీ చెప్పాను. అది నన్ను తిట్టలేదు. "ఇద్దరూ ఇద్దరే" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాను.

నీ వేలు మానేసరికి నెల గడిచిపోతుంది, అందుకని నేనే వచ్చి ఆ పువ్వును నీ దుప్పటికి కుడతాను. రంగుపోయిన పువ్వు ఏదో బావ రాయలేదు. మూలదైతే రెండు రోజుల పని. ఏ పువ్వైనా, దాని ఈనెలు నేను ముందే పసుపుదారంతో కుట్టి ఉంచాను, నీవి నారింజదారమని గుర్తు. తేడా కనబడుతుంది. విప్పి నారింజ వేస్తే కనబడదు. ఏది కావాలో నువ్వు చెప్పు. నన్నడిగితే పసుపే ఉంచమంటాను, నన్ను అడగవని తెలుసు.

రమ్మంటే వస్తాను. వద్దంటే పువ్వు మాత్రం విమానంలో పంపుతాను.

మెరెయానా


అరెయోరా, మౌకె
సెప్టెంబరు 29

చెల్లీ,

కట్టు విప్పారు. బొటనవేలు మెత్తగా, చంటిపిల్ల వేలులా ఉంది. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, కాకపోతే మెల్లగా. మీ బావతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చేప తెచ్చాడు, మాట్లాడాను.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకు తెలుసు, నీకు చెప్పను. మొదటిసారి చదివినప్పుడు ఇనంగారో నాదే అడిగిందన్న చోట ఆగిపోయాను. పాస్టరమ్మ గారి ఇంటిదాకా నడిచి వెళ్ళి వినిపించాలనిపించింది. చెప్పులు వేసుకున్నాను కూడా. తరువాత నువ్వు వంటింట్లో ఆ మాట విని ఎలా నిలబడి ఉంటావో కళ్ళకు కట్టింది, చెప్పులు విడిచేశాను. మళ్ళీ మూడు నెలలు దాచావని గుర్తొచ్చి వేసుకున్నాను. వెళ్ళలేదులే. గుమ్మంలో కూర్చున్నాను.

మంచం మీదకు రోజూ అన్నదే, ఆ మాట నన్ను కూడా గుచ్చుతోంది. నాది ఒక్క పూట కప్పుకుని పెట్టెలో పెడుతుంది. నీ దానికింద కాపురమంతా ఉంటుంది. ఎవరిది ఎక్కువో నాకు తేలడం లేదు. నీకు తేలితే నాకు చెప్పకు.

పువ్వు ఏదని అడిగావు. నాలుగు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను. మూలదని రాద్దామనుకున్నాను, మూలదానికి చోటు మార్చి కుట్టేస్తే నీకేం తెలుస్తుంది అనుకున్నాను. దుప్పటి తీసి నేల మీద పరిచి అటూ ఇటూ తిరిగి చూశాను. ఎనిమిదింటిలో దేన్ని కదిపినా గుడ్డ మీద పాత కుట్టు కన్నాలు పడి కనబడతాయి. కుదరదు. పోయింది నడిమి మందారం. కప్పుకుంటే సరిగ్గా ఇద్దరి వీపుల మధ్యకు వస్తుంది. చర్చిలో వెనక కూర్చున్నవాళ్ళంతా ప్రార్థన అయ్యేదాకా దాన్నే చూస్తారు.

పసుపుదారం విప్పకు.

నీ మోకాలికి మా ఇంటి మెట్లు మూడే, మీ బావ ఒక కర్ర కట్టాడు, పట్టుకుని ఎక్కు. గొప్పకు పోకు. చక్కెర మందులు సంచీలో కాదు, చేతిలో పెట్టుకో. సంచీ ఏ దీవిలో దిగుతుందో తెలియదు. నీ సూదులు నువ్వే తెచ్చుకో, నావి నేను ఇవ్వను. ఆ మందు సీసా కూడా ఒకటి తీసుకురా, నల్లదే, కన్నం మూతతోనే. ఇద్దరం ముసలివాళ్ళం కుడుతుంటే వేలు గుచ్చుకోకుండా ఉండదు. దాని మీద పేరు పెద్ద అక్షరాలతో నువ్వే రాసి తీసుకురా. బియ్యం డబ్బాల వెనక నీడగా ఒక అర ఖాళీ చేయించాను.

అక్టోబరు పద్నాలుగు, బుధవారం, పొద్దుటి విమానం. మీ బావ బండి తోలుకొస్తాడు, నేను ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంటాను.

మీ అక్క
అకైతి